పొందూరు నూలు, ఫ్లాష్ మీటర్: ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు, విశాఖ

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇంకా చేత్తో ఖద్దరు నూలు వడుకుతున్న ఆడవాళ్ల ఫొటోలు, వాళ్ల ఇళ్లలోనే, నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీయాలి. పెద్ద ప్రింట్లు వేసి ముందు వాళ్ల చేతుల్లో పెట్టాలి, మిగతా సంగతి తర్వాత. కెమెరా మామియా సీ330, ముందు రెండు లెన్సులుండే పాతకాలం పెట్టె, లోపల వెలుగు కొలిచే మీటరనేదే లేదు. ఫిల్మ్ ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5, రోల్‌కి 12 ఫొటోలే వస్తాయి, ధర చూస్తే ఒక్కటి కూడా వృథా చేయబుద్ధి కాదు.

ఆ ఇళ్లలో వెలుగు తక్కువ, కాబట్టి రెండు ఫ్లాష్‌లు, వాటి వెలుగుని మెత్తబరిచే ఒక గొడుగు తీసుకెళ్లాలి. ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు, అటూ ఇటూ. కంటికి తెలిసేలోపే అయిపోతుంది. ఎండలో అయితే అలవాటు మీద ఎఫ్ 11 అనో 16 అనో (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే నంబర్, నంబర్ పెరిగితే రంధ్రం చిన్నది) చెప్పేయొచ్చు గానీ ఫ్లాష్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు, డిజిటల్ కెమెరా అయితే ఒకటి తీసి తెర మీద చూసి సరిచేసుకోవచ్చు, ఫిల్మ్‌తో అదీ లేదు. అందుకే సెకోనిక్ ఎల్-308ఎస్ మీటర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. జేబులో పడుతుంది, ఒక్క పెన్సిల్ బ్యాటరీతో నడుస్తుంది.

మీటర్ లేకుండా కూడా పని జరిగింది, జరగలేదని కాదు. ఫ్లాష్‌కి గైడ్ నంబరని ఒకటుంటుంది, దాన్ని దూరంతో భాగిస్తే ఎఫ్ నంబర్ వచ్చేస్తుంది. గైడ్ నంబర్ 36, మనిషి మూడు మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి, ఎఫ్ 12. పెళ్లిళ్లు తీసిన పాత ఫొటోగ్రాఫర్లకి ఈ భాగాహారం నోటికొచ్చు. నాకు వాళ్లంటే గౌరవం. కానీ ఆ లెక్క ఫ్లాష్‌ని సూటిగా మనిషి మీదకి కొట్టినప్పుడే. గొడుగు అడ్డం పెట్టాక, అందులోంచి వెలుగు ఎంత వచ్చింది, గోడ మీద పడి ఎంత తిరిగొచ్చింది, సున్నం గోడా నీలం గోడా, ఇవన్నీ కలిశాక ఆ నంబర్‌తో ఏం తేలుతుంది?

జూన్ మొదటి వారం, ఇంట్లో

వెళ్లే ముందు మీటర్ ఎలా కొలుస్తుందో చేత్తో చేసి చూశాను. దీనికి రెండు పద్ధతులు. ముందున్న తెల్ల బుడిపెని పక్కకి జరిపి వస్తువు వైపు చూపిస్తే, వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుగుని కొలుస్తుంది. కెమెరాల్లో ఉండే మీటర్లన్నీ చేసేది ఇదే. బుడిపెని ముందుకి తెచ్చి, మీటర్‌ని వస్తువు దగ్గరే పట్టుకుని కెమెరా వైపు తిప్పితే, వస్తువు మీద పడే వెలుగుని కొలుస్తుంది. ఈ అర్ధగోళం బుడిపె ఆలోచన 1930ల చివర్లో డాన్ నార్‌వుడ్ అనే అమెరికన్‌ది, ముఖం గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని మీద అన్ని వైపుల నుంచీ పడే వెలుగుని పట్టేదీ గుండ్రంగానే ఉండాలని. అంతకన్నా సులువుగా దాన్ని ఇంకెవరూ చెప్పలేరేమో.

కిటికీ పక్కన బల్ల మీద తెల్ల ఖద్దరు తువ్వాలు, నల్ల కంబళి పక్కపక్కనే పరిచాను. ఐఎస్ఓ, అంటే ఫిల్మ్ వెలుగుని ఎంత త్వరగా పట్టేదీ చెప్పే నంబర్, 400. షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 1/60 వంతు. మొదటి పద్ధతిలో తువ్వాలు మీద కొలిస్తే ఎఫ్ 8, దాని మీద ఇంకో రెండు పదో వంతులు. అదే పద్ధతిలో కంబళి మీద కొలిస్తే 1.4, పైన ఏడు. ఒకే కిటికీ, ఒకే వెలుగు, రెండు జవాబుల మధ్య నాలుగున్నర స్టాపుల తేడా. ఎఫ్ 4, 5.6, 8, 11, 16, ఇలా ఒక్కో మెట్టు ఒక స్టాప్, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు. ఇప్పుడు బుడిపె పెట్టి కొలిస్తే తువ్వాలు పక్కన ఎఫ్ 4, కంబళి పక్కన కూడా ఎఫ్ 4.

ఈ ప్రాజెక్టుకి మీటర్ ఎందుకు కావాలో మొత్తం ఇందులో ఉంది. తిరిగొచ్చే వెలుగుని కొలిచే మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద రంగు అనుకుంటుంది. తెల్ల దూది చూపిస్తే దాన్ని బూడిద చేసేస్తుంది. నల్లటి ముఖం చూపిస్తే ఆ నలుపుని పట్టుకెళ్లి బూడిదలో కలుపుతుంది. మన దగ్గర ఎన్ని పెళ్లి ఆల్బమ్‌లలో, ఎన్ని గుర్తింపు కార్డుల మీద చామనచాయ మనుషులు ఒకచోట పాలిపోయి, ఇంకోచోట తెల్ల చొక్కా పక్కన ముఖమే కనపడకుండా ఉంటారో చూడండి. పొందూరులో ఒకే ఫొటోలో ఈ రెండూ ఉంటాయి: ఒడిలో తెల్లటి దూది, పైన ఎండకి కమిలిన ముఖం. ఆ ముఖం ఎంత నలుపో అంత నలుపుగా, దూది ఎంత తెలుపో అంత తెలుపుగా రావాలి. అందుకని వస్తువుని అడగకుండా వెలుగునే కొలుస్తాను. ఈ పని మొత్తం బుడిపెతోనే.

జూన్ రెండో వారం

షట్టర్ పరీక్ష. సీ330లో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, పువ్వులా విచ్చుకునే రేకులు. కెమెరా ఒంట్లో తెర నడిచే రకం షట్టర్‌కి ఫ్లాష్‌తో 1/60 దగ్గరో 1/250 దగ్గరో హద్దు ఉంటుంది, దీనికి ఆ హద్దు లేదు, 1/500 వరకు ఎక్కడైనా ఫ్లాష్ పనిచేస్తుంది. కాగితం మీద ఉన్నది సరే, యాభై ఏళ్ల వయసున్న లెన్స్‌లో నిజంగా అలాగే ఉందా? ఫిల్మ్ పెట్టకుండా వెనక తలుపు తెరిచి, కెమెరాని తెల్లగోడ వైపు పెట్టి, గోడ మీదకి ఫ్లాష్ కొడుతూ ఒక్కో స్పీడ్ దగ్గర వెనక నుంచి లెన్స్ లోంచి చూశాను. ఫ్లాష్ వెలిగిన క్షణంలో లెన్స్ రంధ్రం నిండుగా గుండ్రంగా తెల్లగా కనిపిస్తే షట్టర్ సరిగ్గా తెరుచుకున్నట్టే. 1/500లో కూడా నిండు గుండ్రమే.

లెన్స్ పక్కన చిన్న మీట ఉంటుంది, ఒకవైపు ఎం, ఒకవైపు ఎక్స్. ఎం అనేది పాత ఫ్లాష్ బల్బులకి, అవి అంటుకుని పూర్తి వెలుగుకి రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి షట్టర్ తెరవకముందే వాటికి కరెంటు పంపుతుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ని ఎం మీద కొడితే షట్టర్ తెరుచుకునేసరికి వెలుగు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది, ఫిల్మ్ ఖాళీ. ఆ మీటని ఎక్స్ మీద పెట్టి పైన టేపు అంటించేశాను. పాత కెమెరాతో ఫ్లాష్ వాడేవాళ్లు ఎవరైనా ఈ టేపు పని ముందే చేసుకుంటే మంచిది.

జూన్ మూడో వారం, పొందూరు

విశాఖ నుంచి రైల్లో దిగి ఊళ్లోకి వెళ్లాను. ముందే మాట్లాడి ఒప్పుకున్న ఇల్లు, పెంకుటిల్లు, ముందు గదిలో ఒక కిటికీ, ఒక ట్యూబ్‌లైటు, రాట్నం. 24 ఆకుల చక్రం, ఒకే కదురు. మామ్మకి డెబ్బై పైనే ఉంటాయి. ఎండిన అరటి డొప్పలో పెట్టిన ఏకుని, అంటే వడకడానికి దువ్వి చుట్టిన దూదిని, ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చక్రం తిప్పుతుంటే దారం వస్తోందా లేదా అన్నది నాకు మొదట కనపడనే లేదు, అంత సన్నం.

నేను మీటర్‌ని ఆవిడ గడ్డం కింద పెట్టగానే అడిగింది.

"ఏటి బాబూ, ఆ తెల్ల బుడిపేటి?"

"వెలుగు కొలిచేది మామ్మా. ఎంతుందో నంబర్ చెబుతుంది."

"మా నూలికీ నెంబరుంది బాబూ. ఇది వంద నెంబరు."

ఆ తర్వాత ఎప్పుడు మీటర్ పెట్టినా ఆవిడ తనంతట తనే గడ్డం కొద్దిగా ఎత్తి, "ఎంతొచ్చిందీ?" అని అడిగేది. నేను "ఎనిమిది" అంటే సరే అన్నట్టు తలూపి మళ్లీ చక్రం తిప్పేది. మీటర్ వల్ల ఇంత మేలు ఉంటుందని నేను ముందు అనుకోలేదు. కెమెరా వెనక నుంచి ఊరికే మాటలు చెప్పడం కాకుండా, దగ్గరికి వెళ్లి పక్కన కూర్చుని కొలవాల్సి వస్తుంది, ఆ కొద్దిసేపట్లో మనిషికి మనమంటే బెరుకు పోతుంది.

మొదటి అడ్డంకి ట్యూబ్‌లైటు. ఈ మీటర్‌లో తీగ లేకుండా కొలిచే పద్ధతి ఉంది, బటన్ నొక్కి సిద్ధంగా ఉంచితే ఫ్లాష్ ఎప్పుడు వెలిగితే అప్పుడు దానంతటదే పట్టుకుని నంబర్ చూపిస్తుంది. ఆ ట్యూబ్‌లైటు పాతది, కొట్టుకుంటూ వెలుగుతోంది, అది కొట్టుకున్నప్పుడల్లా మీటర్ ఫ్లాష్ వచ్చిందనుకుని ఏదో నంబర్ ఇచ్చేస్తోంది. లైటు ఆపేస్తే సమస్య పోయింది. ఎలాగూ దాని వెలుగు నాకు అక్కర్లేదు.

ఇక అసలు పని. కిటికీ వెలుగు ఒక్కటే కొలిస్తే 1/60 దగ్గర ఎఫ్ 4. గొడుగులోంచి ఫ్లాష్‌ని ఆవిడ ఎడమవైపు, ముఖానికి కొంచెం పైనుంచి పెట్టి, దాన్ని తగ్గిస్తూ పెంచుతూ ఫ్లాష్ ఒక్కదానికే మీటర్ ఎఫ్ 8 చెప్పేదాకా సరిచేశాను. ఫ్లాష్‌ని జరిపితే ఎంత మారుతుందో చేతికి త్వరగానే తెలిసిపోతుంది: ఒక మీటరు దూరంలో ఉన్నదాన్ని 1.4 మీటర్లకి జరిపితే వెలుగు సగం, రెండు మీటర్లకి జరిపితే నాలుగో వంతు. ఇరుకు గదిలో జరపడానికి చోటు ఉండదు కాబట్టి ఎక్కువగా ఫ్లాష్ పవర్ మీదే ఆధారపడ్డాను. పవర్ తగ్గించి వాడటంలో ఇంకో లాభం కూడా ఉంది, ఈ రకం ఫ్లాష్‌లు పవర్ తగ్గేకొద్దీ ఇంకా తక్కువసేపు వెలుగుతాయి, కదిలే చెయ్యి కూడా నిలిచిపోతుంది.

ఇప్పుడు షట్టర్ సంగతి, ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఫ్లాష్ వెలుగు షట్టర్ తెరిచి ఉన్నంతలో ఒక్కసారి వచ్చి పోతుంది, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఫ్లాష్ వాటా మారదు. కిటికీ వెలుగు అలా కాదు, షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ లోపలికి వస్తూనే ఉంటుంది. అంటే ఎఫ్ నంబర్ ఇద్దరికీ, షట్టర్ కిటికీకి మాత్రమే. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. మీటర్‌తో అక్కడే కూర్చుని షట్టర్ ఒక్కటే మారుస్తూ ప్రతిసారీ ఫ్లాష్ కొట్టి చూస్తే నంబర్లు కళ్లముందే ఎక్కుతాయి. 1/250 దగ్గర 8, పైన ఒకటి. కిటికీ దాదాపు లేనట్టే. 1/60 దగ్గర 8, పైన మూడు. 1/30 దగ్గర 8, పైన ఆరు. 1/15 దగ్గర నేరుగా 11. అంటే 1/15లో కిటికీ, ఫ్లాష్ రెండూ సమానమైపోయాయి, రెండు ఎనిమిదులు కలిసి ఒక పదకొండు. ఖరీదైన మీటర్లు ఫ్లాష్ వాటా ఇంత శాతం అని చూపిస్తాయి, ఇది చూపించదు, కానీ ఈ మెట్లు ఒకసారి రాసుకుంటే శాతం అక్కర్లేదు.

ఏది ఎంచుకోవాలి? 1/250 పెడితే ఆ గది ఏ స్టూడియోలోనో ఉన్నట్టు చీకటైపోతుంది, కిటికీ ఉన్న సంగతే తెలీదు, ఆవిడ ఇల్లు కాదది. 1/15 పెడితే కిటికీ బాగా వస్తుంది గానీ ఫ్లాష్ నిలిపిన చేతి చుట్టూ కిటికీ వెలుగులో కదిలిన చెయ్యి నీడలాగా అలుక్కుపోతుంది. 1/30 దగ్గర ఆగాను. ఫ్లాష్ చక్రం మీద నేరుగా పడకుండా గొడుగుకీ చక్రానికీ మధ్య ఒక నల్ల అట్ట నిలబెట్టాను, దాంతో చక్రానికి అందేది ఎక్కువగా కిటికీ వెలుగే. ముఖం, చెయ్యి స్పష్టంగా ఉండాలి, 24 ఆకులు తిరుగుతున్నట్టు చెదిరిపోవాలి. లెన్స్ మీద 8కీ 11కీ మధ్యలో, సరిగ్గా సగం కన్నా ఓ వెంట్రుక ఎక్కువగా మూశాను. ముఖం దగ్గర మీటర్ పెట్టి కెమెరా వైపు చూపిస్తే అదే నంబర్ మళ్లీ వచ్చింది.

అదే వారం, రెండో ఇల్లు: దారం

ముఖాలు వచ్చేస్తాయని ధైర్యం వచ్చింది. కష్టమంతా దారంతో. వంద నంబర్ నూలు (నంబర్ పెరిగేకొద్దీ దారం సన్నం), వెనక లేతరంగు గోడ ఉంటే అసలు లేనట్టే. ఏకుకీ కదురుకీ మధ్య ఆ గీత కనపడకపోతే ఆవిడ చేస్తున్న పనేమిటో ఫొటోకి తెలీదు.

రెండో ఫ్లాష్‌ని గొడుగు లేకుండా, ముందు నల్లకాగితం గొట్టం చుట్టి, దారానికి వెనక పక్కగా, కెమెరాకి కనపడకుండా పెట్టాను. గోడ మీద నల్ల కంబళి కట్టాను, అది వెలుగుని మింగేస్తుంది. ఇక్కడ మీటర్ పట్టుకునే తీరు మారుతుంది. మీటర్‌ని దారం ఉన్నచోట పెట్టి, బుడిపెని కెమెరా వైపు కాకుండా వెనక ఫ్లాష్ వైపే తిప్పి, గొడుగు వైపు నుంచి వచ్చే వెలుగుని అరచేత్తో అడ్డుకుని, ఒక్క వెనక ఫ్లాష్‌నే కొలవాలి. ముందు వెలుగు 8 ఉంటే దారానికి వెనక నుంచి 11 పెట్టాను, ఒక స్టాప్ ఎక్కువ. 16 కూడా పెట్టి చూశాను, దారం బాగా మెరుస్తుంది గానీ ఏకు అంచున ఉన్న నూగు కూడా కాలిపోయినట్టు తెల్లబడుతుంది, ఆ నూగే కదా పత్తి. 11 దగ్గరే రెండూ ఉంటాయని నా నమ్మకం. మంచి ఫొటోగ్రాఫర్లు కొందరు వెనక వెలుగు రెండు స్టాపులు ఎక్కువ పెట్టమంటారు, జుట్టుకి అది బాగుంటుందేమో, దూదికి కాదు.

ఫ్యాను ఆపించాల్సి వచ్చింది, గాలికి దూది ఎగిరిపోతుంది. నిజానికి వాళ్లు వడికేటప్పుడు ఎలాగూ ఫ్యాను వేసుకోరు. జూన్ ఉక్కలో ఆ గదిలో కాసేపు కూర్చుంటే వాళ్లు రోజూ ఎలా పనిచేస్తారో అర్థమవుతుంది.

జూన్ చివర, చేప దవడ

పొందూరు ఖద్దరు గొప్పతనానికి మొదలు వాలుగ చేప దవడ. దవడ ఎముక మీద సన్నటి పళ్లు ఒత్తుగా ఉంటాయి, గింజతో ఉన్న పత్తిని దాంతో దువ్వితే చెత్త ఊడిపోయి పోగులన్నీ ఒకే వైపుకి తిరుగుతాయి. ఏ యంత్రమూ చేయలేనంత నెమ్మదిగా. అరచేతిలో ఇమిడే ఆ దవడని, దాని పళ్లలో చిక్కుకున్న పోగులతో సహా దగ్గరగా తీయాలి.

సీ330లో లెన్స్‌కీ ఒంటికీ మధ్య తోలు మడతలు ఉంటాయి, వాటిని బాగా ముందుకి లాగితే దగ్గర వస్తువులకి ఫోకస్ వస్తుంది. కానీ లెన్స్ దూరం జరిగిన కొద్దీ ఫిల్మ్ మీద పడే వెలుగు పలచబడుతుంది, మన చేతిలోని మీటర్‌కి ఈ సంగతి తెలిసే వీలు లేదు. లెక్క ఇలా: లెన్స్ 80 మిల్లీమీటర్లది. దాన్ని ఇంకో 40 మిల్లీమీటర్లు ముందుకి జరిపాను, మొత్తం 120. 120ని 80తో భాగిస్తే ఒకటిన్నర, దాన్ని దానితోనే గుణిస్తే 2.25. రెండున్నర రెట్ల లోపు వెలుగు ఎక్కువ కావాలి, అంటే ఒక స్టాప్ మీద కొంచెం. దవడ దగ్గర మీటర్ ఎఫ్ 16 చూపించింది, నేను లెన్స్‌ని 11 దాటించి ఇంకో పిసరు తెరిచాను. లెన్స్ లోంచే కొలిచే మీటర్ కెమెరాలో ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. చేతి మీటర్ పట్టుకున్నవాళ్లు దగ్గరి ఫొటోలకి స్కేలు కూడా జేబులో పెట్టుకోవాలి.

ఇంకోటి, ఈ కెమెరాలో చూసే లెన్స్ పైన, తీసే లెన్స్ కింద. దగ్గరికి వచ్చేకొద్దీ రెండూ వేర్వేరు చోట్లని చూస్తాయి. ఫోకస్ అయ్యాక కెమెరాని ఆ రెండు లెన్సుల మధ్య దూరమంత పైకి ఎత్తి అప్పుడు నొక్కాలి. ఎత్తడానికి ట్రైపాడ్ మధ్య కడ్డీ మీద పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాను.

జూలై మొదట్లో, డెవలప్

విశాఖ కుళాయి నీళ్లు ఈ కాలంలో గోరువెచ్చగానే వస్తాయి, డెవలపర్‌ని 20 డిగ్రీలకి దించడానికి ఐసుగడ్డల బేసిన్‌లో సీసా పెట్టాను. నెగెటివ్‌లు ఆరాక కిటికీ అద్దానికి ఆనించి చూశాను. రోల్ మొదటి నుంచి చివరి దాకా ముఖాల సాంద్రత, అంటే అక్కడ ఫిల్మ్ ఎంత నల్లబడిందన్నది, ఒకేలా ఉంది, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య కూడా తేడా లేదు. దీనివల్ల ప్రింటు వేసేటప్పుడు ఎంత పని తప్పుతుందో డార్క్‌రూమ్‌లో నిలబడినవాళ్లకి తెలుసు: ఒకదానికి సమయం తేలిందంటే దాదాపు అన్నిటికీ అదే.

మామ్మ ఫొటోలో చర్మం ఎంత ముదురో అంత ముదురుగానే ఉంది, నుదుటి మీద ముడతలు, ముక్కుపుడక పక్కన చిన్న చెమటబొట్టు మెరుపు, అన్నీ విడివిడిగా. ఒడిలో దూది తెల్లగా ఉంటూనే లోపలి పొరలు కనపడుతున్నాయి. చక్రం ఆకులు చెదిరి బూడిదరంగు వలయమైపోయాయి. దారం ఫొటోల్లో వెనక వెలుగు 11 ఉన్నవే బాగున్నాయి, భూతద్దంలో చూస్తే దారం ఒక దగ్గర కొంచెం లావై మళ్లీ సన్నబడటం కూడా తెలుస్తోంది. దవడ పళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి.

ఇక మిగిలింది నేత. మగ్గం ఉన్న గదిలో కిటికీ వెలుగు కొలిచి వచ్చాను, 1/60 దగ్గర ఎఫ్ 2 కూడా లేదు, పైగా మగ్గం కర్రలు ఎక్కడ ఫ్లాష్ పెట్టినా నేత మీద నీడ వేస్తాయి. తెల్ల దుప్పటిని పైకప్పు కింద కట్టి ఫ్లాష్‌ని దాని మీదకి కొట్టి తిరిగొచ్చే వెలుగుతో తీయాలని ఆలోచన. అలా చేస్తే ఎన్ని స్టాపులు పోతాయో ముందు ఇంట్లో అదే ఎత్తులో దుప్పటి కట్టి కొలవాలి. ప్రింట్ల కాగితం తెప్పించాను, మామ్మవి రెండు వేసి తర్వాతిసారి పట్టుకెళ్తున్నాను.